విదేశం నుంచి పాలీ బుష్‌లు తెప్పించుకునే ముందు కారు కింద చేయాల్సిన పని

స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా ముందు నుంచి టక్ మని చప్పుడు, బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం, టైరు లోపలి అంచు తొందరగా అరిగిపోవడం. ఈ మూడూ కనబడితే మన దగ్గర ఏ షెడ్డుకి పోయినా "బుష్‌లు పోయినయ్ సార్" అంటారు. సస్పెన్షన్ ఆర్మ్‌లూ బార్లూ కారు కింది ఫ్రేముకి బిగిసే చోట ఉండే రబ్బరు ముక్కలే బుష్‌లు. చాలాసార్లు అది నిజమే. కానీ ఏ బుష్, ఎటు పక్కది, ఎంత సైజుది అన్నది తేల్చకుండా ఇంటర్నెట్‌లో చూసి ఇంగ్లండ్ నుంచో పోలండ్ నుంచో పాలీయురెథేన్ (రబ్బరు కంటే గట్టిగా ఉండే ప్లాస్టిక్ రకం, దాన్నే పాలీ అంటారు) సెట్టు ఆర్డర్ పెట్టేస్తే, మూడు వారాల తర్వాత వచ్చిన డబ్బాలో మీ కారుకి పట్టని వస్తువు ఉండొచ్చు. దాన్ని వెనక్కి పంపే ఖర్చు బుష్ ధరను దాటిపోతుంది. నాకు ఒకసారి అలాగే జరిగింది, అందుకే ఇది రాస్తున్నా.

నాది 2007 ఆక్టేవియా, 1.9 డీజిల్. వారానికి రెండుసార్లు నల్గొండ నుంచి నకిరేకల్ మీదుగా సూర్యాపేట, నెలకోసారి దేవరకొండ వైపు మా ఊరికి. హైవే బాగానే ఉంటుంది, సస్పెన్షన్‌ని చంపేది ఊళ్ల మధ్య రోడ్లు, సీసీ రోడ్డు అంచులు, పైపు కోసం తవ్వి సరిగా పూడ్చని గుంతలు. మీది పోలో అయినా, స్విఫ్ట్ అయినా, సివిక్ అయినా పద్ధతి ఇదే.

మొదట: పోయింది బుష్షేనా?

చప్పుడు లింక్ రాడ్ నుంచి రావచ్చు, బాల్ జాయింట్ నుంచి రావచ్చు, షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంట్ నుంచీ రావచ్చు. లింక్ రాడ్ పోతే చిన్న చిన్న గతుకుల మీద గలగలమంటుంది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి) బుష్ పోతే ఎక్కువగా బ్రేకు వేసినప్పుడో రివర్స్ నుంచి ముందుకు కదిలినప్పుడో ఒక్కసారి బరువుగా దబ్ మంటుంది. ఇది పక్కా సూత్రం కాదు, ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెప్పే గుర్తు మాత్రమే.

కారుని జాకీ మీద లేపి, జాకీని నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టి, అప్పుడే కిందికి దూరండి. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు. స్టాండ్లు లేకపోతే ర్యాంపు ఉన్న షెడ్డుకి వెళ్లి, అరగంట పనికి డబ్బులిచ్చి చూడండి. టామీ రాడ్డు తీసుకుని లోయర్ ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ (ఆర్మ్ బిగించి ఉండే ఇనుప చట్రం) మధ్య పెట్టి మెల్లగా ఒత్తితే, మంచి బుష్ అయితే కొంచెం సాగి వెనక్కి వస్తుంది, పోయిన బుష్ అయితే ఇనుము ఇనుముకి తగులుతుంది లేదా రబ్బరు చీలిక నోరు తెరుస్తుంది. టార్చి వేసి ఫోన్‌తో ఫొటోలు తీయండి. రబ్బరు పైపైన ఉన్న సన్నని వెంట్రుకంత పగుళ్లు మన ఎండలకి ఏ పాత కారుకైనా ఉంటాయి, వాటిని చూసి మార్చాల్సిన పని లేదు. లోపలి గొట్టం నుంచి రబ్బరు విడిపోయిందా, రబ్బరు పక్కకి జారిపోయిందా అన్నదే చూడాలి. రబ్బరు నల్లగా మెరుస్తూ మెత్తగా ఉబ్బి ఉంటే పైన ఎక్కడో ఇంజన్ ఆయిల్ కారుతోందని అర్థం, ముందు ఆ లీకేజీ ఆపండి.

అన్ని చోట్లా పాలీ వేయకండి

ఇక్కడే నాకు చాలామందితో పేచీ. మొత్తం సెట్టు వేస్తే కారు కొత్తదైపోతుంది అనుకుంటారు. అసలు రెండు బుష్‌లూ పనిచేసే తీరే వేరు. కంపెనీ రబ్బరు బుష్‌లో లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు ఆ రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. పాలీ బుష్ ఎక్కువగా రెండు ముక్కలుగా వస్తుంది, మధ్యలో స్టీలు స్లీవ్ ఉంటుంది, దాని మీద గ్రీజుతో జారుతూ తిరుగుతుంది. కాబట్టి ఒకే ఇరుసు మీద తిరిగే చోట పాలీ చక్కగా పనిచేస్తుంది. అటూ ఇటూ మెలిక పడే చోట, అంటే వెనక యాక్సిల్‌ని పట్టుకునే ట్రైలింగ్ ఆర్మ్‌ల లాంటి చోట, గట్టి పాలీ వేస్తే సస్పెన్షన్ కదలకుండా బిగుసుకుంటుంది.

నా ఆక్టేవియా లాంటి కార్లలో వెనక బీమ్‌ని పట్టుకునే పెద్ద బుష్‌లను కంపెనీ ఊరికే అలా ఏటవాలుగా పెట్టలేదు. మలుపులో బీమ్ పక్కకి జరిగినప్పుడు చక్రాల దిశ చెడిపోకుండా కాచే పని వాటిది. అక్కడ నేను కంపెనీ రకం రబ్బరే వేయించాను, మీకూ అదే చెబుతాను. పాలీ వేయదగ్గ మంచి చోట్లు నా లెక్కలో రెండే: స్టెబిలైజర్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) బుష్‌లు, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు. ఇంజన్ మౌంట్‌లో పెట్టే పాలీ ఇన్సర్ట్‌ల జోలికి డీజిల్ కారులో పోకండి, ఐడ్లింగ్‌లో ఆ వణుకంతా సీట్లోకి వస్తుంది. వెనక సీట్లో నడుం నొప్పి ఉన్న అమ్మానాన్నలు కూర్చునే కారైతే ఈ మాట రెండుసార్లు ఆలోచించండి.

ఇంకో సంగతి. కొన్ని కార్లకి బుష్‌తో సహా మొత్తం ఆర్మే ఇక్కడ మంచి కంపెనీది దొరుకుతుంది. లెమ్‌ఫోర్డర్ లాంటి వాళ్ల రబ్బరు మీ కారుకి ఇక్కడే సరసమైన ధరకి దొరికితే, విదేశం నుంచి పాలీ తెప్పించడం ఎందుకో మీకు మీరు జవాబు చెప్పుకోవాలి. స్టీరింగ్ ఇంకా కచ్చితంగా ఉండాలి, కొంచెం గట్టిదనం వచ్చినా పరవాలేదు అనుకునేవాళ్లకే ఈ మిగతా కథ.

కొలతలు, పార్ట్ నంబర్లు

ఈ పని మీదే మీ డబ్బు ఆధారపడి ఉంది. విదేశీ కంపెనీల లిస్టులో మన కారు మన పేరుతో ఉండకపోవచ్చు. మొదటి తరం ఆక్టేవియా మన దేశంలో 2001 నుంచి 2010 దాకా అమ్ముడైంది, అది నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ప్లాట్‌ఫామ్ (కారు కింది నిర్మాణం) మీద కట్టిన కారు. గోల్ఫ్ ఆ తరంలో ఇక్కడికి రాలేదు, కానీ నాకు కావలసిన బుష్‌ల సమాచారం ఎక్కువగా దొరికింది గోల్ఫ్ పేరు కిందే. అందుకని ముందు మీ కారుకి విదేశాల్లో ఉన్న అన్నదమ్ములెవరో తెలుసుకోండి. ఆ తర్వాత ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్ ఆధారంగా కంపెనీ పార్ట్ నంబర్ సంపాదించండి. సర్వీస్ సెంటర్‌లో పార్ట్స్ కౌంటర్‌లో మర్యాదగా అడిగితే కంప్యూటర్‌లో చూసి చెప్తారు. ఆ నంబర్‌ని పాలీ బుష్ కంపెనీ సైటులో ఇచ్చిన నంబర్‌తో సరిపోల్చండి. పవర్‌ఫ్లెక్స్ వాళ్ల నంబర్లలో పీఎఫ్ఎఫ్ అని మొదలైతే ముందు సస్పెన్షన్‌ది, పీఎఫ్ఆర్ అయితే వెనకది.

నంబర్ దొరికినా కొలవడం మానకండి. ముఖ్యంగా స్టెబిలైజర్ బార్. ఒకే మోడల్‌లో ఇంజన్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి బార్ మందం ఒక్కో మిల్లీమీటరు తేడాతో ఉంటుంది. నేను మొదటిసారి బార్‌ని టేపుతో, అది కూడా బుష్ పక్కనున్న మట్టి పట్టిన చోట కొలిచి 21 అని రాసుకున్నా. డబ్బా వచ్చాక వేస్తే బుష్ వదులుగా ఉంది, మట్టీ తుప్పూ గీకి వెర్నియర్ (మందం కచ్చితంగా కొలిచే సాధనం) పెడితే 20. ఆ ఒక్క మిల్లీమీటరుకి బుష్ ధరా, షిప్పింగూ, డ్యూటీ మొత్తం పోయాయి. కాబట్టి వైర్ బ్రష్‌తో రుద్ది, బుష్ కూర్చునే చోటే, డిజిటల్ వెర్నియర్‌తో మూడు వైపుల నుంచి కొలవండి. మంచి వెర్నియర్ లేకపోతే ఊళ్లో ఏ లేత్ షాపులోనైనా ఉంటుంది, అడిగితే ఇస్తారు.

ఆర్మ్ బుష్‌లకి బోల్టు మందం, బుష్ బయటి వ్యాసం, లోపలి స్లీవ్ పొడవు ఈ మూడూ రాసుకోండి. పాత కారు కొన్నవాళ్లు ఒకటి గమనించాలి, ముందు ఓనర్ ఆర్మ్‌లు మార్పించి ఉండొచ్చు, అప్పుడు ఛాసిస్ నంబర్ చెప్పేది ఒకటి, కారు కింద ఉన్నది ఇంకొకటి అవుతుంది.

ఎవరి దగ్గర, ఎంత గట్టిది

పవర్‌ఫ్లెక్స్ ఇంగ్లండ్‌ది, స్ట్రాంగ్‌ఫ్లెక్స్ పోలండ్‌ది, సూపర్‌ప్రో, వైట్‌లైన్ ఆస్ట్రేలియావి, ఎనర్జీ సస్పెన్షన్, ప్రోథేన్ అమెరికావి. యూరప్ కార్లకి మొదటి రెండింటిలో, జపాన్ కార్లకి ఆస్ట్రేలియా, అమెరికా వాళ్ల దగ్గర ముందు వెతకడం నా అలవాటు.

గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ గట్టి. రంగు చూసి కొనేయకండి, ఎందుకంటే ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు లెక్క. పవర్‌ఫ్లెక్స్‌లో ఊదారంగు రోడ్డు కోసం, నలుపు రేసు ట్రాక్ కోసం. స్ట్రాంగ్‌ఫ్లెక్స్‌లో ఎరుపు 80, పసుపు 90. మన రోడ్లకి 80 దగ్గర ఆగిపోండి. 90, 95 వేసుకుని జడ్చర్ల నుంచి కల్వకుర్తి దాకా ఊళ్లలో నుంచి వెళ్తే ప్రతి రాయీ చేతుల్లోకి తెలుస్తుంది.

ఇంకా రెండు విషయాలు పేజీలో వెతకండి. ఒకటి, ఆ నంబర్ కింద వచ్చేది ఒక్క బుష్షా, రెండు పక్కలకీ కలిపి జతా. ధర చూసి మురిసిపోయి ఒక పక్కదే తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు. రెండోది, పాత బుష్ బయటి ఇనుప గొట్టాన్ని తీసేయాలా, అలాగే ఉంచి అందులో పాలీ పెట్టాలా. అమెరికా కిట్లు చాలావాటికి పాత గొట్టం ఉండితీరాలి. మిర్యాలగూడలో తెలిసిన తమ్ముడి సివిక్‌కి లేత్ షాపులో ఆ గొట్టం కూడా నొక్కి బయటికి తీసి పారేశారు, వచ్చిన బుష్ ఆ పెద్ద రంధ్రంలో గలగల ఆడింది. తప్పు లేత్ ఆయనది కాదు, కాగితంలో ఏముందో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఊరూ పేరూ లేని సైట్లలో సగం ధరకి కనబడే రంగు రంగుల బుష్‌లు వద్దు. సస్పెన్షన్ ఆర్మ్‌ని పట్టుకునే వస్తువు అది. కంపెనీ సొంత సైటులో డీలర్ల లిస్టు ఉంటుంది, ఇండియాలో డీలర్ ఉన్నారేమో ముందు అక్కడే చూడండి, ఉంటే కింద రాసిన కస్టమ్స్ తలనొప్పి సగం తగ్గుతుంది.

డబ్బు లెక్క

సైటులో కనబడే ధరలో వాళ్ల దేశపు వ్యాట్ కలిసి ఉండొచ్చు. బ్రిటన్‌లో అది 20 శాతం, పోలండ్‌లో 23. దేశం బయటికి పంపే సరుకుకి దాన్ని తీసేస్తారు, అంటే అక్కడి వాళ్లకి 120 పౌండ్లయ్యేది మీకు 100 పౌండ్లు కావాలి. కార్ట్‌లో ఇండియా అడ్రసు పెట్టాక ధర తగ్గిందో లేదో చూడండి, తగ్గకపోతే ఒక మెయిల్ పెట్టి అడగండి.

షిప్పింగ్‌కి అసలు బరువూ చూస్తారు, డబ్బా సైజు బరువూ చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే కొరియర్ దానికే డబ్బు తీసుకుంటుంది. చిన్న బుష్‌లని పెద్ద డబ్బాలో గాలి నింపి పంపితే ఆ గాలికి మీరే కడతారు. చిన్న డబ్బాలో పెట్టమని ఆర్డర్ నోట్‌లో రాయండి.

ఇక డ్యూటీ. వస్తువు ధర మీద మాత్రమే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. మొదట బేసిక్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్, అన్నీ కలిపిన దాని మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల జీఎస్టీ 18 శాతం. లెక్క అర్థం కావడానికి షిప్పింగ్‌తో కలిపి 12,000 అయిందనీ, బేసిక్ 15 శాతం అనీ అనుకుందాం. బేసిక్ 1,800, సర్‌చార్జ్ 180, కలిపితే 13,980, దాని మీద 18 శాతం అంటే దాదాపు 2,516. మొత్తం డ్యూటీ 4,496 రూపాయలు. అంటే 12,000 వస్తువు ఇంటికి చేరేసరికి 16,500, దాని పైన కొరియర్ వాళ్ల క్లియరెన్స్ చార్జీ. బేసిక్ రేటు బడ్జెట్‌తో మారుతుంది, పార్సెల్‌ని ఏ కోడ్ కింద క్లియర్ చేస్తారన్న దాన్ని బట్టీ మారుతుంది కాబట్టి ఆర్డర్ పెట్టే వారంలో మళ్లీ చూసుకోండి.

"గిఫ్ట్ అని రాసి పంపండి, ధర తక్కువ వేయండి" అని అమ్మేవాళ్లని అడగొద్దు. 5,000 లోపు గిఫ్ట్‌లకి ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. పైగా తక్కువ ధర వేసిన పార్సెల్ దారిలో పోతే ఇన్సూరెన్స్ కూడా ఆ తక్కువ ధరకే వస్తుంది.

కార్డులో ఇంటర్నేషనల్ వాడకం చాలావరకు ఆపి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, కావలసినంతే లిమిట్ పెట్టి, కట్టాక మళ్లీ ఆపేయండి. చాలా కార్డులకి విదేశీ చెల్లింపు మీద 3.5 శాతం దాకా మార్కప్ (బ్యాంకు అదనపు చార్జీ) ఉంటుంది, 10,000 మీద 350, దానికి జీఎస్టీ 63.

పేరు, అడ్రసు, కేవైసీ

మన తెలుగువాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాన్‌లో చివర ఉంటుంది, బ్యాంకు కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. ఆర్డర్‌లో ఇంకో రకంగా రాస్తాం. కొరియర్ కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) అడిగినప్పుడు పేరు కలవక పార్సెల్ ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతుంది, ఎక్కువ రోజులుంటే గోడౌన్ చార్జీ కూడా పడొచ్చు. నా రెండో పార్సెల్ దీనికే ఆరు రోజులు ఆగింది, రోజూ ఫోన్లు, ఒకటే టెన్షన్. ఏ గుర్తింపు కార్డుతో కేవైసీ చేస్తారో దాని మీద ఉన్న పేరునే అక్షరం అక్షరం ఆర్డర్‌లో పెట్టండి. ఊళ్లో ఉంటే పిన్‌కోడ్‌కి డెలివరీ ఉందో లేదో ముందే చూసి, లేకపోతే నల్గొండ 508001లోనో మహబూబ్‌నగర్ 509001లోనో చుట్టాల అడ్రసు ఇవ్వండి, పేరూ ఫోన్ నంబరూ మాత్రం మీవే ఉండాలి. కేవైసీ లింకు కొరియర్ సైటులో ట్రాకింగ్ నంబర్ కొట్టి అక్కడి నుంచే తెరవండి. ఎస్ఎంఎస్‌లో డ్యూటీ కట్టమని వచ్చే తెలియని లింకుల్ని ముట్టుకోవద్దు.

డబ్బా వచ్చాక, బిగించేటప్పుడు

డబ్బా తెరుస్తూ వీడియో తీయండి. నంబర్లు, ముక్కల లెక్క, స్లీవ్‌లు, గ్రీజు పొట్లం అన్నీ చూసి, పాత బుష్ విప్పకముందే కొత్త స్లీవ్‌లో బోల్టు దూరుతుందో లేదో వెర్నియర్‌తో సరిచూడండి. కారు విప్పి షెడ్డులో పెట్టాక తేడా తెలిస్తే రెండు వారాలు ఆటోలో తిరగాలి.

కిట్‌తో వచ్చిన కాగితాన్ని మెకానిక్‌కి చదివి వినిపించండి, వీలైతే పక్కనే ఉండండి. పాత రబ్బరుని గ్యాస్ కట్టర్‌తో కాల్చి తీసే అలవాటు మన షెడ్లలో ఉంది, అది వద్దని ముందే చెప్పండి. ఆ పొగ మంచిది కాదు, ఆర్మ్ కూడా పాడవుతుంది. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటికే వెళ్లండి, ఊళ్లో దొరకకపోతే విజయవాడ రోడ్డు మీద హైదరాబాద్‌లోకి అడుగుపెట్టగానే వనస్థలిపురం ఆటోనగర్ ఉంది, ఆర్మ్‌లు విప్పి బస్సులో పట్టుకెళ్లినా పని అయిపోతుంది. బయటి గొట్టం తీయాల్సిన రకం అయితే హాక్సా బ్లేడుతో లోపల నుంచి గీత కోసి, ఆర్మ్‌కి గాటు పడకుండా తీయాలి.

గ్రీజు కిట్‌లో వచ్చినదే వాడండి, చాలకపోతే సిలికాన్ గ్రీజు కొనండి. షెడ్డులో బేరింగులకి పూసే మామూలు గ్రీజు కొన్నాళ్లకి కొట్టుకుపోతుంది, అప్పుడే పాలీ బుష్‌లు కిచకిచమనడం మొదలవుతుంది. స్లీవ్ బయట, బుష్ లోపల, పక్కన తగిలే అంచుల మీద, మూడు చోట్లా పూయాలి. ఒకేసారి వాడి పారేయమని కంపెనీ చెప్పిన బోల్టులు కొత్తవి వేయించండి, బిగువు పెట్టి ఆపైన 90 డిగ్రీలు తిప్పే రకం బోల్టుని రెండోసారి నమ్మకూడదు. ఎక్కడైనా రబ్బరు బుష్ కూడా కొత్తది వేస్తుంటే దాని బోల్టుని కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగువు బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడిపోయి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

బిగించిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించండి, మర్నాటికి వాయిదా వేసి కొత్త టైరు అరగదీసుకోవద్దు. ఓ 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ చూడండి. ఏటా వానలు వెలిసాక, బురదంతా కడిగించి, స్టెబిలైజర్ బుష్‌లు విప్పి కొత్త గ్రీజు పూయించండి, అది గంట పని. మిగిలిన గ్రీజు ట్యూబునీ, కొలతలూ పార్ట్ నంబర్లూ రాసిన కాగితాన్నీ ఎండ తగలని బీరువాలో ఒకే కవర్లో పెట్టుకోండి, డ్యాష్‌బోర్డులో కాదు.